ఎత్తేసిన నియమానికి కారణం ఎవరు చెప్పాలి?

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరున మాట్లాడమని అడిగినప్పుడు మందుల గురించి, పరిశోధనల గురించి చెప్పే చదువు నాకు లేదని నిర్వాహకులకు ముందే మనవి చేసుకున్నాను. నేను వైద్యుణ్ని కాను. ఒక విశ్వవిద్యాలయ పరిపాలనా భవనంలో ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. సర్క్యులర్లు రాశాను, రాయించాను, ఎవరో రాసినవాటి కింద సంతకాలు పెట్టాను. అందుకని నాకు తెలిసిన సంగతే ఎంచుకున్నాను. విశ్వవిద్యాలయం ఒక నియమాన్ని ఎలా పెడుతుంది, ఎలా సడలిస్తుంది, చివరికి ఎలా వదిలేస్తుంది అన్నదే ఇవాళ్టి విషయం. దృష్టాంతంగా కోవిడ్ టీకా నియమాన్ని, అందులోనూ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న రట్గర్స్ విశ్వవిద్యాలయాన్ని తీసుకుంటున్నాను.

సుబ్బారావుగారికీ విశ్వవిద్యాలయ నియమాలకీ కూడా ఒక పాత పేచీ ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీగారి పిలుపు విని ఆయన ఖాదీ గౌను తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుగారికి ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. విద్యార్థి ఒంటి మీద ఏముండాలో నిర్ణయించే అధికారం తనదేనని విద్యాసంస్థ అనుకోవడం కొత్తేమీ కాదు. అయితే ఆ గౌను వల్ల పక్కనున్నవాడికి వచ్చిన ప్రమాదమేమీ లేదు. టీకా సంగతి వేరు. ఒంటికి సంబంధించిన నియమాన్ని నిలబెట్టేది ఒక్కటే ప్రశ్న: ఇది పక్కవాణ్ని కాపాడుతుందా? ఆ ప్రశ్నకు జవాబు మారితే నియమం కూడా మారాలి. మారినప్పుడు ఆ సంగతి, పెట్టినప్పుడు చెప్పినంత గట్టిగా చెప్పాలి. నేనివాళ చెప్పదలచుకున్నది ఇంతే. అయితే దీనికి కథ చాలా ఉంది.

రట్గర్స్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, టీకా లేనిదే క్యాంపస్‌కి రావద్దని విద్యార్థులకు చెప్పిన మొదటి పెద్ద అమెరికన్ విశ్వవిద్యాలయం అదే. అది 2021 మార్చి 25. అప్పటికి అక్కడ టీకాలకు ఉన్నవి అత్యవసర అనుమతులే. ఫైజర్‌కి పూర్తి అనుమతి ఆగస్టు 23న గానీ రాలేదు. జొనథన్ హాలొవే అధ్యక్షుడిగా ఉన్న ఆ రోజుల్లో ఈ నిర్ణయం సాహసమే. వైద్య కారణాలకు, మత విశ్వాసాలకు మినహాయింపు ఇచ్చారు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్లకు అక్కర్లేదన్నారు. మినహాయింపు తీసుకున్నవాళ్లు మాస్కు పెట్టుకోవాలి, తరచూ పరీక్ష చేయించుకోవాలి. అధ్యాపకులకూ సిబ్బందికీ మాత్రం మొదట్లో గట్టి సలహాతో సరిపెట్టారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కోర్టులో మళ్లీ కనిపిస్తుంది.

రట్గర్స్‌కి అంటువ్యాధులతో పాత పరిచయం ఉంది. సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది అక్కడే. క్షయకి మందు లేదన్న మాట ఆ రోజుతో పోయింది. అక్కడికి దగ్గర్లోనే, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ సంస్థలో మన సుబ్బారావుగారు పరిశోధన విభాగాన్ని నడుపుతుండగా డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త ఆరియోమైసిన్‌ని వెలికితీశారు. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచే రెండూ వచ్చాయి. కోవిడ్ వచ్చాక కూడా రట్గర్స్ ఊరుకోలేదు. ముక్కులోకి పుల్ల పెట్టకుండా ఉమ్మితో చేసే పరీక్షకు 2020 ఏప్రిల్‌లో అమెరికాలో మొదటి అనుమతి తెచ్చుకున్నది వాళ్ల ప్రయోగశాలే. ఆ పని నడిపించిన ఆండ్రూ బ్రూక్స్ 2021 జనవరిలో, యాభై ఒకటో ఏట చనిపోయారు. కాబట్టి టీకా నియమం పెట్టినవాళ్లు గాలివాటంగా పెట్టారని అనలేం. రోగం ఏమిటో, పరీక్ష ఏమిటో తెలిసినవాళ్లే.

నియమం పెట్టిన ఆ వసంతంలో కారణం బలంగా ఉంది. టీకా వేయించుకున్నవాడికి జబ్బు తగ్గుతుంది, వాడి నుంచి ఇతరులకు సోకడం కూడా బాగా తగ్గుతుంది అన్నది అప్పటి అంచనా. అప్పటి రకం వైరస్‌కి అది చాలావరకు నిజం కూడా. రట్గర్స్ తలుపు తీశాక మిగతావాళ్లు క్యూ కట్టారు. చివరికి వెయ్యికి పైగా కాలేజీలు, విశ్వవిద్యాలయాలు ఇలాంటి నియమం పెట్టాయి. ఫ్లోరిడాలో మాత్రం గవర్నరు అడ్డుపడ్డారు. నోవా సౌత్‌ఈస్టర్న్ అనే విశ్వవిద్యాలయం నియమం ప్రకటించి కొద్దిరోజులకే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వైద్యం చెప్పినందుకు కాదు, రాజకీయం చెప్పినందుకు.

కోర్టుల్లో చాలావరకు విశ్వవిద్యాలయాలే గెలిచాయి. 1905 నాటి జేకబ్‌సన్ తీర్పు వాళ్లకు అండ. కేంబ్రిడ్జి ఊళ్లో మశూచి టీకా వేయించుకోనని భీష్మించిన ఒక పాస్టరుకి ఐదు డాలర్ల జరిమానా వేస్తే, అది చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పది. ఇండియానా విశ్వవిద్యాలయం మీద ఎనిమిది మంది విద్యార్థులు వేసిన కేసులో జడ్జి ఈస్టర్‌బ్రూక్ 2021 ఆగస్టులో దాన్నే ఎత్తి చూపారు. టీకా ఇష్టం లేకపోతే వేరే చోట చదువుకోవచ్చన్నది ఆయన వాదం. చట్టం ప్రకారం సరే. ఫీజు కట్టేసి, హాస్టల్ గది తీసుకుని, రెండేళ్లు చదివేసినవాడికి వేరే చోటు ఎక్కడుంటుందో జడ్జిగారు ఆలోచించినట్టు లేదు. అదే ఆగస్టులో వర్జీనియా విశ్వవిద్యాలయం టీకా నియమం పాటించని 238 మంది పేర్లు రిజిస్టరు నుంచి తీసేసింది. అందులో ఆ సెమిస్టరు తరగతులకు నమోదైనవాళ్లు 49 మంది.

సరిగ్గా ఆ ఎండాకాలంలోనే కారణం కదలడం మొదలైంది. మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్‌లో జులైలో జరిగిన సంబరాల తర్వాత 469 కేసులు లెక్కకు వస్తే, వాళ్లలో సుమారు నాలుగింట మూడొంతుల మంది టీకాలు పూర్తయినవాళ్లే. మే నెలలో టీకా వేయించుకున్నవాళ్లకి మాస్కు అక్కర్లేదన్న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ జులై చివర్లో మాట మార్చుకుంది. డిసెంబరులో కోర్నెల్ విశ్వవిద్యాలయం సంగతి ఇంకా స్పష్టం. అక్కడి క్యాంపస్‌లో నూటికి 97 మంది టీకా వేయించుకున్నవాళ్లు. ఒక్క వారంలో 900 పైచిలుకు కేసులు వచ్చాయి. పరీక్షలు ఆన్‌లైన్‌కి మార్చి, లైబ్రరీ మూసేసి, పిల్లల్ని ఇళ్లకు పంపారు. ఒమిక్రాన్ వచ్చేసింది.

ఇక్కడ తొందరపడి ఒక మాట అనేవాళ్లున్నారు. అయితే టీకా పనిచేయలేదన్నమాట అని. కాదు. ఆ కోర్నెల్ కేసుల్లో తీవ్రమైన జబ్బు ఒక్కటీ లేదని విశ్వవిద్యాలయమే చెప్పింది. టీకా మనిషిని ఆసుపత్రి నుంచి కాపాడింది. పక్కవాడికి అంటకుండా ఆపే పని మాత్రం మునుపటంత చేయలేకపోయింది. అంటే టీకా చెడలేదు, నియమానికి కింద ఉన్న కారణం పక్కకు జరిగింది. నిన్నటిదాకా ‘నీ పక్కవాడి కోసం వేయించుకో’ అన్నది, ఇవాళ ‘నీ కోసం వేయించుకో’ అయింది. మొదటిదానికి బలవంతం చేయొచ్చునని వాదించవచ్చు. రెండోదానికి సలహా ఇవ్వొచ్చు, బతిమాలొచ్చు, ఉచితంగా వేయొచ్చు. చదువు ఆపేస్తామని బెదిరించడం కష్టం.

విశ్వవిద్యాలయాలు ఏం చేశాయి? 2022 జనవరిలో బూస్టరు కూడా తప్పనిసరి అన్నాయి. రట్గర్స్ కూడా అంది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు బూస్టరు వల్ల ఒరిగేదెంత అన్నది శాస్త్రవేత్తల మధ్యే తేలలేదు. అంతకుముందు జూన్‌లోనే కుర్రాళ్లలో అరుదుగా గుండె కండరానికి వాపు వస్తోందని ఫైజర్, మోడెర్నా టీకాలకు హెచ్చరిక చేర్చారు. అందరికీ బూస్టర్లన్న ప్రభుత్వ ప్రకటన వెలువడ్డ కొద్దిరోజులకు అక్కడ మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏలో టీకాల విభాగం చూసే ఇద్దరు పెద్ద అధికారులు, మేరియన్ గ్రూబర్, ఫిలిప్ క్రాస్, తప్పుకుంటున్నారన్న వార్త వచ్చింది. తర్వాత అందరికీ ఇప్పుడే బూస్టరు అక్కర్లేదని లాన్సెట్ వైద్య పత్రికలో వాళ్లు వ్యాసమూ రాశారు. ఇంత చర్చ నడుస్తున్న విషయాన్ని రిజిస్ట్రేషన్‌కి ముడిపెట్టడం నాకైతే తొందరపాటుగానే కనిపిస్తుంది.

ఇప్పుడు ఎత్తేసిన సంగతికి వద్దాం. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందంది. మే 11న అమెరికా ప్రభుత్వమూ అదే మాటంది. అంతకుముందే కొన్ని, ఆ తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు నియమాన్ని వదిలేశాయి. రట్గర్స్ వదల్లేదు. దాని మీద నడుస్తున్న కేసులో, విద్యార్థులకు తప్పనిసరి చేసి ఉద్యోగులకు ఎందుకు చేయలేదన్నది ఒక ఆరోపణ. 2024 ఫిబ్రవరి 15న ఫిలడెల్ఫియాలోని మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టు రట్గర్స్‌కి ఆ నియమం పెట్టే అధికారం ఉందని తేల్చింది. మార్చి 1న సీడీసీ ఐదు రోజుల ఐసొలేషన్ సలహాను కూడా తీసేసింది. ఏప్రిల్ 1 నుంచి టీకా తప్పనిసరి కాదని రట్గర్స్ ప్రకటించింది. జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. వరస గమనించండి. అధికారం ఉందని కోర్టు చెప్పిన ఆరు వారాలకు ఆ అధికారాన్ని వాడటం మానేశారు. సుబ్బారావుగారు రాత్రిపూట ఆసుపత్రిలో పనివాడిగా చేస్తూ చదువుకున్న హార్వర్డ్ కూడా అదే మార్చిలో నియమం తీసేసింది.

ఇలా ఎత్తేసిన ప్రకటనలు చాలా చదివాను. పరిపాలనలో పనిచేసినవాడికి అదో వ్యసనం. వాటి బాణీ దాదాపు ఒకటే: ఫలానా తేదీ నుంచి టీకా తప్పనిసరి కాదు, వేయించుకోవడం మంచిదని మా సలహా, వివరాలకు ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించండి. నియమం పెట్టినప్పుడు పేజీలకొద్దీ ప్రశ్నలూ జవాబులూ ఉండేవి. అధ్యక్షుల వీడియోలు, గ్రాఫులు, శాస్త్రవేత్తల సభలు ఉండేవి. తీసేసినప్పుడు రెండు వాక్యాలు మిగిలాయి. ఏ తేదీ నాటి ఏ సమాచారం చూసి తీశారు? ఆ సమాచారం ఎప్పటి నుంచి ఉంది? 2022లోనే ఉంటే 2024 దాకా ఎందుకు ఆగారు? ఇవేవీ ఉండవు.

మన ఆఫీసుల్లోనూ ఇంతే. కొత్త ఉత్తర్వు పుట్టాలంటే నోట్ ఫైలు కదలాలి, సెక్షన్ సూపరింటెండెంటు రాయాలి, డిప్యూటీ రిజిస్ట్రారు రాయాలి, లీగల్ సెల్ చూడాలి. పోయేటప్పుడు మాత్రం ‘ఇదివరకు జారీ చేసిన ఉత్తర్వులను ఉపసంహరించడమైనది’ అన్న ఒక్క లైను. చాలాసార్లు అదీ ఉండదు. ఎవరూ రద్దు చేయరు, ఎవరూ అమలు చేయరు. బీరువాలో పడి ఉంటుంది. ఎవరిమీదైనా కోపం వచ్చినప్పుడు బయటికి తీస్తారు. ఇలాంటి ఉత్తర్వులతో పిల్లల్ని సతాయించడం నేను కళ్లారా చూశాను.

కారణం చెప్పకుండా ఎత్తేస్తే నష్టం ఎవరికి? ముందుగా ఆ నియమం కింద నలిగినవాళ్లకి. మనవాళ్లు అందులో చాలామంది.

2021 జనవరి 3న మన దేశంలో కోవిషీల్డ్‌కీ కోవాగ్జిన్‌కీ ఒకే రోజు అత్యవసర అనుమతి వచ్చింది. కోవిషీల్డ్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరి 15న తన జాబితాలో చేర్చుకుంది. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో పుట్టిన కోవాగ్జిన్‌కి నవంబరు 3 దాకా ఆ చోటు దొరకలేదు. మూడో దశ ఫలితాలు పత్రికలో అచ్చయింది కూడా నవంబరులోనే. అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ప్రమాణం ఒకటే: ఎఫ్‌డీఏ అనుమతించినదో, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్నదో అయి ఉండాలి. ఆగస్టులో విమానం ఎక్కాల్సిన కుర్రాడికి జూన్‌లో మన ఊరి పీహెచ్‌సీలో ఏ సీసా తెరిచి ఉంటే అదే టీకా. కోవిషీల్డ్ వేయించుకున్నవాడికి ఇంకో చిక్కు. మే 13న రెండు డోసుల మధ్య ఎడం పన్నెండు నుంచి పదహారు వారాలు చేశారు. అంతకాలం ఆగితే తరగతులు మొదలైపోతాయి. జూన్ 7న కేంద్రం దిగొచ్చి, విదేశాలకు చదువుకోవడానికి వెళ్లేవాళ్లకి 28 రోజులకే రెండో డోసు వేయమంది, సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరు చేర్చమంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో విదేశాలకు వెళ్లే విద్యార్థులకు విడిగా టీకాలు వేశారు. ఆఫ్రికా వెళ్లేవాళ్లు పచ్చజ్వరం టీకా కోసం ఎక్కడికి వెళ్తారో అక్కడికే.

పాలకొల్లు దగ్గర మా బంధువుల కుర్రాడొకడు ఆ ఏడాది ఎమ్మెస్‌కి వెళ్లాడు. రెండు డోసులూ కోవాగ్జిన్. వాడి ఫోన్లో ఆ విశ్వవిద్యాలయం ఆరోగ్య పోర్టల్ నేను చూశాను. టీకా పేరు ఎంచుకోమని ఒక జాబితా. ఫైజర్, మోడెర్నా, జాన్సన్, ఆస్ట్రాజెనెకా, ఇంకా రెండు చైనా టీకాలు. కోవాగ్జిన్ లేదు. ‘ఇతరములు’ అని నొక్కి కోవిన్ సర్టిఫికెట్ పెట్టాడు. మూడో రోజున ఎర్రక్షరాల్లో జవాబు వచ్చింది, అంగీకరించలేమని. రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడింది. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవాడు పూర్తి క్రెడిట్లకు నమోదు కాకపోతే ఆ దేశంలో ఉండే అర్హతే పోతుంది. కాబట్టి ఇది టీకా సమస్యగా లేదు, వీసా సమస్య అయి కూర్చుంది. వాడు వెళ్లి, రెండో కోవాగ్జిన్ నుంచి 28 రోజులు ఆగి, క్యాంపస్ క్లినిక్‌లో ఫైజర్ మొదటి డోసు వేయించుకున్నాడు. మూడు వారాలకు రెండోది. ఇక్కడ వాళ్ల నాయనమ్మ వీడియో కాల్‌లో ఒకటే గోల. “ఒకే రోగానికి ఎన్ని సూదులురా? అక్కడి రోగం వేరా?” “రోగం ఒకటే నాయనమ్మా, జాబితాలు వేరు” అన్నాడు వాడు.

నవంబరు మొదటి వారంలో కోవాగ్జిన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోకి ఎక్కింది. నవంబరు 8 నుంచి అదే కోవాగ్జిన్ చూపించి అమెరికా విమానం ఎక్కొచ్చని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. సెప్టెంబరులో చెల్లని సర్టిఫికెట్ నవంబరులో చెల్లింది. మధ్యలో మారింది ఆ సీసాలో మందు కాదు. వసంతంలో బూస్టరు పేరుతో వాడికి ఐదో సూది పడింది. తర్వాత రెండేళ్లకు వాళ్ల విశ్వవిద్యాలయం టీకా నియమమే ఎత్తేసింది. అప్పటికి వాడు డిగ్రీ పుచ్చుకుని ఉద్యోగంలో చేరాడు. సంగతి జూనియర్ ఒకడు చెబితే తెలిసింది.

కోవాగ్జిన్‌కి ఆలస్యం చేసినందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సమాచారం చూడకుండా జాబితాలో చేర్చమనడం సుబ్బారావుగారి పేరున నిలబడి అనగలిగిన మాట కాదు. నేననేది విశ్వవిద్యాలయాన్ని. ఒక విద్యార్థికి ఐదు డోసులు పడేలా చేసి, ఆ అవసరం ఇక లేదని తేలినప్పుడు వాడికొక ఉత్తరం రాయవద్దా? క్షమాపణ అక్కర్లేదు. ‘అప్పుడు మాకు తెలిసింది ఇది, ఇప్పుడు తెలిసింది ఇది’ అంటే చాలు.

బలవంతం లేకపోతే టీకా ఎవరు వేయించుకుంటారు అనేవాళ్లకు రట్గర్స్ పక్కూరే జవాబు. న్యూ బ్రున్స్‌విక్ నుంచి పాతిక, ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ప్రిన్స్‌టన్ ఉంది. 2013లో అక్కడ మెనింజైటిస్ బి రకం జ్వరం పుట్టింది. దానికి పనికొచ్చే టీకా యూరప్‌లో ఉంది, అమెరికాలో అనుమతి లేదు. ప్రత్యేక అనుమతితో తెప్పించి డిసెంబరులో వేశారు. తప్పనిసరి అనలేదు. రోగమేమిటో, ఎంతమందికి వచ్చిందో, ఈ టీకాకి ఇక్కడ ఇంకా అనుమతి ఎందుకు లేదో, అన్నీ విప్పి చెప్పారు. డిగ్రీ విద్యార్థుల్లో పదిమందికి తొమ్మిదిమంది కంటే ఎక్కువే వచ్చి వేయించుకున్నారు. కళ్లముందు ప్రాణాపాయం ఉంది కాబట్టి వచ్చారనొచ్చు. నిజమే, కానీ దాపరికం లేకపోవడం కూడా పనిచేసిందని నా నమ్మకం.

రెండో పక్క కూడా చూడాలి. నియమం ఎత్తేయడం అందరికీ ఊరట కాదు. సుబ్బారావుగారి బృందం లెడర్లీలో తయారు చేసినవాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఫోలిక్ ఆమ్లం మీద చేసిన పనికి అది కొనసాగింపు. అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోవడం చూసిన మనిషి, ఆ రోగానికి మందైన ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేశారు. దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలు రక్త కేన్సరుకి మొదటి మందులయ్యాయి. ఇవాళ మెథోట్రెక్సేట్ ఎక్కువగా వాడేది కీళ్లవాతానికి. ఈ హాల్లోనే వారానికోసారి ఆ మాత్ర వేసుకునేవాళ్లు కొందరు ఉండే ఉంటారు. ఆ మందు వాడేవాళ్లలో టీకా పూర్తిగా పట్టదు. అందుకే టీకా వేయించుకున్నాక ఒకటి, రెండు వారాలు మాత్ర ఆపమని కీళ్ల వైద్యులు సలహా ఇచ్చారు. ఇలాంటి మందు వాడే విద్యార్థికి, కీళ్లవాతం ఉన్న లెక్చరర్‌కి, తరగతిలో మాస్కు తీసేయడమన్నది టీకా నియమం కన్నా పెద్ద విషయం. 2022లో మాస్కులు ఎత్తేసినప్పుడు వాళ్లని ఎవరడిగారు? కిటికీలు తెరవండి, గాలి మార్చే ఫిల్టర్లు పెట్టండి, కోరితే వెనక బెంచీ కాకుండా తలుపు పక్క సీటు ఇవ్వండి అని ఎత్తేసే ఉత్తర్వులోనే రాయొచ్చు. ఎత్తేయడమంటే వదిలేయడం అనుకుంటే ఇవి రాయాలని తోచదు.

కారణాలు రాసి ఎత్తించిన దృష్టాంతం మన దేశంలోనే ఉంది. వైద్యుడు జాకబ్ పులియేల్ వేసిన కేసులో 2022 మే 2న మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ధర్మాసనంలో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు, రెండోవారు జస్టిస్ గవాయ్. ఎవరి ఒంట్లోకీ బలవంతంగా టీకా ఎక్కించలేరని అన్నారు. ప్రజల ఆరోగ్యం కోసం ప్రభుత్వం పరిమితులు పెట్టొచ్చు గానీ అవి పరిస్థితికి తగ్గట్టు ఉండాలన్నారు. టీకా వేయించుకోనివాళ్ల నుంచే వ్యాధి ఎక్కువ పాకుతోందని చూపే సమాచారం ఏ ప్రభుత్వమూ తమ ముందు పెట్టలేదు కాబట్టి, కేసులు తక్కువగా ఉన్నంతకాలం వాళ్లమీద పెట్టిన ఆంక్షల్ని సమీక్షించి, ఇప్పటికే ఎత్తేయకపోతే ఎత్తేయమని సూచించారు. అక్కడితో ఆగలేదు. మా మాట ఈ ఒక్క టీకాకీ ఈ ఒక్క పరిస్థితికీ పరిమితం, మాస్కు వగైరా జాగ్రత్తలకు వర్తించదు అని గీత గీశారు. ప్రభుత్వ టీకా విధానాన్ని తప్పుపట్టలేదు కూడా. ఏది ఎత్తేస్తున్నాం, ఎందుకు, ఎక్కడివరకు అన్నది చదువుకున్నవాడెవడికైనా అర్థమయ్యేలా ఉంది. ఏ రిజిస్ట్రారైనా ఎదురుగా పెట్టుకుని నకలు దించుకోదగ్గ కాగితం.

మాట్లాడకుండా ఎత్తేయడం వల్ల రెండో నష్టం ఇప్పుడు కనిపిస్తోంది. ‘చూశారా, అప్పుడు చెప్పిందంతా అబద్ధమే, అందుకే నోరు మూసుకుని తీసేశారు’ అనేవాడికి విశ్వవిద్యాలయం జవాబివ్వలేదు. ఆ మాట కోవిడ్ దగ్గర ఆగలేదు, పాత టీకాల మీదికి పాకింది. 2025లో టెక్సస్‌లో తట్టు 750 మందికి పైగా సోకింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. అదే ఏడు సెప్టెంబరులో బడిపిల్లలకి తప్పనిసరి టీకాలన్నీ ఎత్తేయాలని ఫ్లోరిడా ఆరోగ్యాధికారి ప్రకటించారు. తట్టు టీకా సోకడాన్ని ఆపుతుంది. పక్కవాణ్ని కాపాడుతుందా అన్న ప్రశ్నకు అక్కడ జవాబు అరవై ఏళ్లుగా మారలేదు. కోవిడ్ టీకా నియమం ఎందుకు తీశామో ఆ రెండు వాక్యాల బదులు రెండు పేజీలు రాసి ఉంటే, తట్టు టీకా నియమం ఎందుకు ఉంచామో కూడా అందులోనే వచ్చి ఉండేది. రెంటికీ తేడా చెప్పకుండా వదిలేశాక, రెంటినీ ఒకే గాటన కట్టేవాణ్ని ఎలా తప్పుపడతాం?

రట్గర్స్‌లో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా, హెపటైటిస్ బి టీకా నియమాలు ఇప్పటికీ ఉన్నాయి. వచ్చే ఆగస్టులో వెళ్లబోయే పిల్లలు ఈ సభలో కొందరున్నారని తెలిసింది. చిన్నప్పటి టీకా కార్డు చాలామందికి దొరకదు. దొరికినా అందులో ఒక్క డోసే రాసి ఉంటుంది, వాళ్లు రెండు అడుగుతారు. ఇప్పుడే వేయించుకోండి, లేదా యాంటీబాడీ రక్తపరీక్ష చేయించి రిపోర్టు దగ్గర పెట్టుకోండి. సర్టిఫికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు పూర్తిగా విడమరిచి రాయించండి. పొడి అక్షరాలు ఉంటే పోర్టల్ తిప్పి పంపేస్తుంది.